వేలాడే కొస

సోమవారం

గని ఐదో లెవెల్‌లో తీగలు లాగిన ఏడాది ఒక మనిషి నాకు మాటిచ్చాడు. గోడలు పూడ్చేలోపు ప్రతి తీగకూ రెండు చివర్లా చీటీ కడతాను, ఏది ఎవరి ఇంటిదో చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేట్టు చేస్తాను అన్నాడు. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు. గోడలు పూడ్చారు. చీటీలు రాలేదు. అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు జుట్టే లేదు.

ఆయన పేరు ఈ చిట్టాలో రాయను. రాసినంత సిరా దండగ. రోజూ కనకవ్వ చాయ్ హోటల్లో నా ఎదురుగా కూర్చుని పులి-మేక ఆడతాడు, పులులు తనే తీసుకుంటాడు, అయినా ఓడిపోతాడు. అంతమాత్రం చాలు ఆయన గురించి.

చిట్టా రాయమన్నది గాలి కమిటీ. ఐదో లెవెల్ తీగల బాధ్యత నాది కనుక ప్రతి తప్పునూ రాసి, కింద 'కారణం' అన్న చోట ఒక్క మాటలో తేల్చాలట. ఒక్క మాటలో తేలే తప్పులు కథల్లోనే ఉంటాయి. కథలు నేను వాళ్లందరికంటే ఎక్కువ చదివాను.

పొద్దున పంకా చప్పుడు మారడంతో లేచాను. గనిలో కాపురమున్నవాడికి గడియారం అక్కర్లేదు. పంకా సాఫీగా తిరుగుతుంటే అంతా సవ్యం. దగ్గినట్టు వినబడితే గాలి లెక్కలు పై లెవెల్‌కు అందడం లేదని అర్థం. లెక్కలు అందకపోతే ఎంత తిరగాలో పంకాకు తెలియదు. రాతిలో వైర్‌లెస్ పారదు; బొగ్గు పొర ఏ మాటనూ అవతలికి పోనివ్వదు. గాలి కబురు పోవాలన్నా, ఇంట్లో ప్రమాద గంట మోగాలన్నా మాకు తీగలే దిక్కు.

ఆ తీగలన్నీ వచ్చి చేరేది దీపాల పెట్టెలోకి. నెట్‌వర్క్ స్విచ్ అనే మాట మా వాళ్ల నోట్లో నిలవక ఈ పేరు స్థిరపడింది. అది కనకవ్వ హోటల్ మూల గోడకు ఉంది. ప్రతి రంధ్రం మీదా ఒక చిన్న దీపం. పచ్చగా వెలిగితే తీగ బాగుంది. పసుపుపచ్చగా వెలిగితే తీగ లోపల ఎక్కడో ఒక పోగు తెగింది, కుంటుతూ నడుస్తోంది. ఆరిపోతే తీగ చచ్చింది. కబుర్లు పోతున్నప్పుడు దీపాలు వేటికవి మిణుకుతాయి, సంతలో జనం మాట్లాడుకున్నట్టు.

నేను వెళ్లేసరికి అన్ని దీపాలూ ఒక్కటే తాళంలో టపటపా కొట్టుకుంటున్నాయి. పై లెవెల్ పెట్టె మా గోల భరించలేక మా వైపు తలుపు మూసేసుకుంది. ఆ తర్వాత సంగతి నియమావళిలో ఉన్నదే. జనమంతా చెంబులు, పిల్లలు, దిండ్లతో ఇంక్లైన్ ఏటవాలు దారి ఎక్కి ఒకటో లెవెల్‌లో పడిగాపులు. నేను మాత్రం దగ్గుతున్న పంకా కింద కూర్చుని తీగలన్నీ పీకి ఒక్కో కొసా పరీక్షించాను. ఒకదాని కొస మీద రాగి పచ్చబడి, చిలుము పట్టి ఉంది. పెట్టె కిందే కనకవ్వ పొయ్యి. ఇన్నేళ్లుగా ఆవిరి తాగి రాగి కూడా చాయ్‌కి అలవాటు పడింది. కొస కత్తిరించి కొత్త పిన్ను బిగించి, అన్నీ మళ్లీ గుచ్చేసరికి మధ్యాహ్నమైంది. దీపాలు శాంతించాయి.

కనకవ్వ కిందికి రాగానే చెప్పాను, పొయ్యి జరపమని.

"నలభయ్యేండ్ల సంది ఈడనే కాస్తున్న, ఓదెలన్నా. అప్పటిసంది లేని ఆవిరి ఇయ్యాలనే వచ్చిందా?"

"చిలుము రాత్రికి రాత్రి పట్టది, కనకవ్వా."

"నీ నెత్తి మీద పట్టింది గదా," అంది. పొయ్యి మాత్రం జరిపింది.

కారణం: చాయ్ ఆవిరి.

బుధవారం

పగలంతా పుస్తకాల దుమ్ము దులిపాను. పై లెవెళ్లలో గోడలు ఏడుస్తుంటాయి. మా ఐదో లెవెల్ ఒక్కటే పొడి. పైన ఎండ మనుషులను కిందికి తోలినప్పుడు అందరూ బియ్యం, బంగారం మోసుకొచ్చారు. నేను పుస్తకాలు మోసుకొచ్చాను. గ్యాలరీ చివర గోడ పొడవునా అరలు కట్టి ఎవరడిగినా ఇచ్చాను. తిరిగి ఇవ్వనివాళ్ల పేర్లు గుర్తున్నాయి. ఒక నవల చివరి పేజీలు చింపి పేలాలు పొట్లం కట్టుకున్నవాడి పేరు కూడా గుర్తుంది. ఆయన పోయి పదేళ్లయింది. క్షమించలేదు.

సాయంత్రం పెట్టెలో ఒక దీపం పసుపుపచ్చగా కనిపించింది. పోగు తెగిందనుకున్నాను. కొస మార్చాను, పచ్చబడలేదు. వేరే రంధ్రంలో పెట్టాను, పచ్చగా వెలిగింది. పాత రంధ్రంలో పెడితే మళ్లీ పసుపు. రంధ్రమే పాడైందని తేల్చి పెట్టె మొత్తం విప్పడానికి స్టూలెక్కాను.

"ఏం జేస్తున్నవే?" అంది కనకవ్వ వెనకనుంచి.

"ఈ దీపం పాడైంది."

"పాడైతదా? నిన్న మంగళారమే బొట్టు పెట్టిన."

బొటనవేలితో తుడిచాను. పసుపు. దాని కింద దీపం పచ్చగా, నవ్వుతున్నట్టుగా ఉంది.

"గడపకు పెడ్తం, పొయ్యికి పెడ్తం. మనకు ఊపిరిచ్చేదానికి పెట్టద్దా?" అంది కనకవ్వ. నేను వేలికంటిన పసుపు చొక్కాకు తుడుచుకుని స్టూలు దిగాను.

ఎదురుగా కూర్చున్న మాట తప్పిన మనిషి పులిని చేత్తో పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. "ఓదెలూ, బొట్టును రిపేర్ చేసినవురా!" అని హోటలంతా వినబడేలా అరిచాడు. ఆ ఆటలో ఆయన మూడు పులుల్నీ కట్టేశాను.

కారణం: పసుపు.

గురువారం

మళ్లీ అదే. పొద్దున్నే అన్ని దీపాలూ ఒకే తాళం. మళ్లీ చెంబులు, దిండ్లు. మధ్యాహ్నానికి దానంతటదే తగ్గిపోయింది. నేను ఏమీ చేయలేదు. తప్పు మన చెయ్యి పడకుండానే పోవడం కంటే అవమానం లేదు.

గాలి కమిటీ పెద్ద నీలోఫర్ దిగి వచ్చింది. చిన్నప్పుడు నా అరల ముందు మఠం వేసుకుని కూర్చుని చదివిన పిల్ల. ఇప్పుడు ఆమె సంతకం లేనిదే గనిలో పంకా రెక్క కదలదు.

"రెండుసార్లయింది, చాచా," అంది. "మూడోసారి అయితె ఐదో లెవెల్ మూసెయ్యాలె. నా రూల్ గాదు, అందరం కలిసి రాసుకున్నది. గాలి లెక్క రాని చోట మనుషులను పండనియ్యలేం."

"మూసేస్తే ఇక్కడి ఇరవై ఇండ్ల వాళ్లు?"

"మూడో లెవెల్‌ల సర్దుతం."

"పుస్తకాలు?"

ఆమె అరల వైపు చూసి చూపు తిప్పుకుంది. మూడో లెవెల్ గోడల మీద నీళ్లు ధారలు కడతాయి. ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతి మరొకటుంది: అక్కడ పుట్టగొడుగుల పందిళ్లకు తడిసిన కాగితం కంటే మంచి పరుపు లేదు. నా జీవితమంతా కూరగా మారి నా పళ్లెంలోకే వస్తుంది.

"సోమవారం నేనే వచ్చి చూస్త," అంది నీలోఫర్. "అన్ని దీపాలు వెలగాలె. ఒక్కటి ఆరినా ఒప్పుకోను. ఆరిన దీపం వెనక ఎవరింట్లనో గంట మోగది."

"నువ్వు తీసుకుపోయిన సముద్ర యాత్రల పుస్తకం ఇంకా రాలేదు," అన్నాను.

"చాచా, నాకప్పుడు పదేండ్లు!"

"పుస్తకానికి వయసు తెలియదు."

కారణం: తెలియదు.

శనివారం

తెలిసింది. సోమ, గురువారాల్లోనే ఎందుకు? ఆ రోజుల్లోనే, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా, గని అడుగు నీళ్లు తోడే పెద్ద మోటారు నడుస్తుంది. దాని కరెంటు తీగ, మన కబుర్ల తీగల కట్ట ఒకే మేకుకు జంటగా వేలాడుతున్నాయి. మోటారు హోరు పక్క తీగల్లోకి దూకుతుందని చిన్నప్పుడే చదివాను. నిచ్చెన వేసుకుని రెండు రోజులు తీగల కట్టను అవతలి గోడకు మార్చాను. నా వయసు వాళ్లు నిచ్చెన కింద నిలబడి సలహాలిచ్చే పనిలో ఉండాలి. ఆ పని మాట తప్పిన మనిషి చేశాడు.

"ఎడమకు... ఇంకింత ఎడమకు."

"తీగలకు నువ్వు అప్పుడే చీటీలు కట్టుంటే ఈ కట్టలో సగం విప్పే పనే ఉండేది కాదు."

"కడ్తనన్న గదా. కట్టనన్ననా?"

"ఎప్పుడు?"

"నువ్వు గట్ల తొందరపెడ్తె పని పాడైతది," అన్నాడు. నలభయ్యేళ్లు.

హోటల్లో అందరికీ విజయం ప్రకటించాను. కనకవ్వ నమ్మకం లేని ముఖంతోనే ఒక మిర్చి బజ్జీ ఎక్కువేసింది.

కారణం: నీళ్ల మోటారు. ఇది ఖాయం.

సోమవారం

మోటారు కాదు.

నీలోఫర్ వచ్చి పెట్టె ముందు నిలబడిన కాసేపటికే, ఆమె కళ్ల ముందే, దీపాలన్నీ ఒక్క తాళం అందుకున్నాయి. పంకా దగ్గడం మొదలుపెట్టింది. ఆమె జేబులోంచి సంతకం కలం తీసింది.

"కనకవ్వ చాయ్ మరిగే దాకా ఆగు బిడ్డా," అన్నాను.

"ఒక్క చాయ్, చాచా. అంతే."

అన్ని దీపాలూ కలిసి కొట్టుకున్నాయంటే దానికి ఒకే అర్థం, అది నాకు మొదటి రోజే తట్టాల్సింది. ఎక్కడో ఒక తీగ పెట్టెలోంచి బయలుదేరి మళ్లీ పెట్టెలోకే వచ్చింది. ఒక కబురు బయటకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయి, రెండై, నాలుగై, లెవెలంతా దాంతోనే నిండిపోతుంది. మిగతా ఏ మాటకూ చోటుండదు. సభలో ఒక్కడే మైకు పట్టుకుని వదలనట్టు. అలాంటివాళ్లను బోలెడుమందిని చూశాను.

తీగలన్నీ పీకేశాను. పెట్టె నల్లబడింది. ఒక్కొక్కటే మళ్లీ గుచ్చుతూ వచ్చాను. పచ్చ, పచ్చ, పచ్చ. పదిహేడో రంధ్రంలో తీగ పెట్టగానే టపటపా మొదలైంది. పీకాను, ఆగింది. పెట్టాను, మొదలైంది. పీకేసి మిగతావన్నీ పెట్టాను. లెవెలంతా ప్రశాంతం. పంకా సాఫీగా తిరిగింది.

"బాగైంది గదా," అంది నీలోఫర్. "దాన్ని గట్లనే వదిలెయ్."

"నువ్వే అన్నవు. ఆరిన దీపం వెనక ఒక ఇల్లుంది. వాళ్లింట్ల గంట మోగకుంటె?"

"ఎవరి ఇల్లు?"

అక్కడే వచ్చింది తంటా. చీటీ లేదు. మొన్న కమిటీ వాళ్లు ప్రమాద గంట కోసం ప్రతి ఇంటికీ రెండో తీగ లాగినప్పుడు పాతవీ కొత్తవీ ఖాళీ ఉన్న రంధ్రంలోనల్లా కుక్కి పోయారు. చీటీ కట్టాలన్న తలపు వాళ్లకూ రాలేదు. ఒక దుర్గుణం పుట్టించినవాడు ఒక్కడే, పాటించేవాళ్లు తరతరాలు.

చీటీల్లేని ఊళ్లో మాకొక పద్ధతుంది. తీగ పీకి కాసేపు ఆగితే ఆ ఇంటివాళ్లు తిట్టుకుంటూ పరుగెత్తుకొస్తారు. ఆగాను. ఎవరూ రాలేదు. చాయ్ పొంగు మీదికొచ్చింది.

"గంట మోగించు," అన్నాను.

"ఏంది?"

"పదిహేడు పీకేసి ఉండగ ఐదో లెవెల్ ప్రమాద గంట మోగించు. ఏ ఇంట్ల మోగదో అదే ఈ తీగ ఇల్లు."

"గంట మోగిందంటె లెవెల్ ఖాళీ అయిందనే రాయాలె, చాచా. అదే మూడోసారి అయితది. ఇగ మూసుడే."

"డ్రిల్ అని రాయి. ఆ హక్కు నీకుంది. నియమావళి నేనూ చదివిన. వ్యాకరణం తప్పులతో సహా."

ఆమె చేతిలో కలం అటూ ఇటూ తిరిగింది. "దొరకకపోతె?"

"దొరకకపోతె సంతకం పెట్టు. అడ్డం రాను. అరలు నేనే విప్పి ఇస్త." గంట మీట చూపించి అన్నాను: "సముద్ర యాత్రలు ఇయ్యకపోతివి. గంటన్న ఇయ్యి."

నీలోఫర్ నవ్వు ఆపుకుంటూ గోడ మీది మీట లాగింది.

అంత చప్పుడు నేను గనిలో వినలేదు. ఇరవై ఇళ్ల తలుపులు ఒక్కసారే తెరుచుకున్నాయి. తల మీద సగం సబ్బు నురుగుతో ఒకాయన, పిండి చేతులతో ఆడవాళ్లు, చంకలో కోడితో ఒక ముసలమ్మ. అందరూ నన్నే తిట్టారు. గంట ఆగాక ఒక్కొక్కరినీ అడిగాను: మీ ఇంట్లో మోగిందా? మోగింది. మీ ఇంట్లో? చెవులు పోయినయ్. నీ ఇంట్లో? కోడి గుడ్డు పెట్టుడు మర్చిపోయింది.

కనకవ్వ వడపోస్తూ తలెత్తింది. "నా ఇంట్ల మోగలే."

హోటల్ వెనక గదే ఆమె ఇల్లు. నాలుగడుగులు. నేను, నీలోఫర్, వెనకే పులి బిళ్లతో మాట తప్పిన మనిషి. గోడకు రెండు సాకెట్లు: ఒకటి పాతది, ఒకటి కమిటీ ఇచ్చిన కొత్తది. పాతదాంట్లోంచి ఒక పొట్టి తీగ వచ్చి, అర చేయంత ఒంపు తిరిగి, కొత్తదాంట్లోకి దిగింది. ఒంపు మీద పసుపు, కుంకుమ.

పాము తన తోక తానే మింగుతోంది. బొట్టు పెట్టించుకుని మరీ.

"ఇది ఎవరు పెట్టిండ్రు?"

"నేనే," అంది కనకవ్వ. "స్వరూప పైకి పోయింది గదా."

స్వరూప ఆమె కూతురు. సోమ, గురువారాలు పొద్దున్నే పైకెక్కి సూర్య ఫలకాల మీది దుమ్ము తుడుస్తుంది. ఎండ ముదిరేలోపు దిగి రావాలి. ట్యాబ్లెట్‌ను మేం పలక అంటాం; అది వెంట తీసుకుపోతుంది. పలకకు పెట్టే తీగ ఇంట్లో ఉండిపోతుంది. మధ్యాహ్నం వచ్చి కొస లాగి పలకకు పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే మా దీపాలు శాంతించేవి.

"పైకి పోయినోళ్ల తీగ కొస ఏలాడద్దు," అంది కనకవ్వ, నాకు తెలియకపోవడం వింతన్నట్టు. "ఏలాడితె పోయినోళ్లు దిగిరారు. నా పెనిమిటి పోయిన్నాడు కొస ఏలాడబట్టె. నేను సూడలేదు. అప్పటిసంది ఒక్కనాడు ఇడిసిపెట్టలే. ఇన్నేండ్లు బియ్యం డబ్బల గుచ్చిన. గిప్పుడు మీరే కొత్త తొర్ర ఇచ్చిండ్రు గదా."

నీలోఫర్ కలం జేబులో పెట్టేసింది. నేను అడిగాను: "ఇది ఎవరు చెప్పిండ్రు నీకు?"

కనకవ్వ గడ్డంతో నా వెనక చూపించింది. "గీ అన్ననే. తీగలు లాగిన కొత్తల ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. కొసలు ఎక్కడివక్కడ గుచ్చుండ్రి, ఏలాడనియ్యకుండ్రి, తియ్యకుండ్రి అని."

వెనక్కి తిరిగాను. ఆయన పులి బిళ్లను శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

"పిల్లలు కొసలు పీకి తాడాట ఆడుతుండ్రి," అన్నాడు. "పీకితె మల్ల ఏది యాడిదో తెల్వకపాయె. చీటీలుంటె వేరే. లెవ్వు గదా. అందుకే ఒక మాట చెప్పిన. మంచికే చెప్పిన."

చీటీ రాయడానికి బద్ధకించి ఒక ఆచారాన్ని పుట్టించాడు. చరిత్రలో ఆచారాలెలా పుట్టాయో లావుపాటి పుస్తకాలు చదివాను. ఒక్కదాంట్లోనూ ఇంత సూటిగా చెప్పలేదు.

కొస లాగేశాను. కనకవ్వ ముఖం మారింది. ఇంక్లైన్ వైపు చూసింది. పైన ఎండ ముదిరే వేళ. నేను ఆ కొసను అరచేతిలో పట్టుకుని అక్కడే పీట మీద కూర్చున్నాను. హోటల్లో చాయ్ చల్లారింది. ఎవరూ నవ్వలేదు, నీలోఫర్ కూడా. చివరికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ముసుగు తీస్తూ స్వరూప లోపలికొచ్చి మా గుంపును చూసింది.

"ఏందే అవ్వా, నేను సచ్చిన్నా ఏంది, అందరు కూసున్నరు?"

"నోరు కడుక్కో ముందు," అంది కనకవ్వ కళ్లు తుడుచుకుంటూ. "తాత చేతుల నీ తీగుంది, తీస్కో."

మంగళవారం

పదిహేడో దీపం పచ్చగా ఉంది. నీలోఫర్ 'డ్రిల్, సంతృప్తికరం' అని రాసి వెళ్లింది. మూసుడు లేదు. సాయంత్రం ఎవరో నా అర మీద సముద్ర యాత్రలు పెట్టి పోయారు. అట్ట లేదు. తీసుకున్నాను.

కొస వేలాడనివ్వమని కనకవ్వను ఒప్పించాలని చూడలేదు. ఒప్పించే మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి, ఆమె దగ్గర ఒక పెనిమిటి ఉన్నాడు. పాడైన సాకెట్లు నా పనిముట్ల పెట్టె నిండా ఉన్నాయి. ఒకటి తీసి ఆమె గోడకు మేకులతో కొట్టాను. దాని వెనక తీగ లేదు, కరెంటు లేదు, రాయి మాత్రమే. స్వరూప పైకెళ్లినప్పుడు కొస అందులో విశ్రాంతి తీసుకుంటుంది. కనకవ్వ దానికి వెంటనే బొట్టు పెట్టింది. సాయంత్రానికి మిగతా ఇళ్లవాళ్లూ వచ్చి అడిగారు. ఇరవై ఇళ్లకూ ఎక్కడికీ పోని రంధ్రం ఒకటి కొడుతున్నాను. ఇంత హాయైన పని నా జన్మలో చేయలేదు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.

మాట తప్పిన మనిషి పొద్దున ఒక కత్తెర, కాగితం ముక్కలు, దారం తెచ్చుకుని పెట్టె ముందు కూర్చున్నాడు. పదిహేడో తీగకు చీటీ కట్టాడు: 'కనకవ్వ ఇల్లు'. దస్తూరీ బాగుంది. ఇంకో రెండు కట్టాడు. తర్వాత చాయ్ వచ్చింది, పులి-మేక పరిచారు, మిగతావి రేపు కడతానన్నాడు. నా చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు.

చిట్టాలో చివరి గీత ఇంకా ఖాళీగా ఉంది. కనకవ్వ అని రాయలేను. కొత్త సాకెట్లు అని రాస్తే నీలోఫర్ నొచ్చుకుంటుంది. తీగ అని రాస్తే అబద్ధం. తీగ తనకు చెప్పిన పని చేసింది. సిరా దండగైనా సరే.

కారణం: సిద్ధంకి ఐలయ్య.